అంచులు చెక్కిన రాయి

రాళ్ళ షెడ్డు,
సోమవారం సాయంత్రం

అక్కకి,

పదకొండు రోజుల తర్వాత ఈ రోజు వాన తెరిపి ఇచ్చింది. ఎండ వచ్చింది కానీ నేల ఇంకా నీళ్ళు పీల్చుకోలేదు, గడ్డపార దింపితే ఊట వస్తోంది. అయినా ఈ రోజు మూడు సమాధులు మార్చాం. మొత్తం నలభై ఒకటిలో పద్దెనిమిది అయ్యాయి.

క్రితం ఉత్తరంలో రాశాను కదా, వాగు గట్టును కోసుకుంటూ శ్మశానం గోడ దాకా వచ్చేసింది. గోడ పడితే మన పెద్దలంతా ఈత నేర్చుకోవాల్సి వస్తుందని సంఘం వాళ్ళు భయపడి, అన్నిటినీ చర్చి వెనక మెరకలోకి మార్చమన్నారు. తవ్వేవాళ్ళు ఇద్దరున్నారు. రాళ్ళు పగలకుండా పీకి కొత్త చోట నిలబెట్టడం నా పని. వాటిలో సగం నాన్న చెక్కినవే. ఆయన అక్షరం ఎంత లోతుగా కొట్టేవాడంటే, నాచు పట్టినా చేత్తో తడిమి చదవచ్చు.

తవ్వితే పెద్దగా ఏమీ ఉండటం లేదు. నాలుగు ఎముకలు, పెట్టె మేకులు, ఒకరి చొక్కా బొత్తాలు. చిన్న పెట్టెలోకి మార్చి, పాస్టరుగారు ప్రార్థన చేశాక మూసేస్తున్నాం. మిల్లు పెద్దాయన తాతగారిది తవ్వితే బంగారు పన్ను కనపడింది. తవ్వేవాళ్ళు నా మొహం చూశారు, నేను పాస్టరుగారి మొహం చూశాను, ఆయన ఆకాశం చూశాడు. పన్ను తాతగారితోనే పోయిందిలే.

వచ్చే గురువారం మనవాళ్ళవి. నాన్నది పదేళ్ళ కిందటిదే, పెట్టె గట్టిగా ఉంటుంది. నా తర్వాత పుట్టిన చిన్నోడిది ముప్పై నాలుగేళ్ళ నాటిది, ఏం మిగిలి ఉంటుందో. ఉలి చేతికివ్వక ముందు నాన్న నా వేలు పట్టుకుని వాడి రాయి మీది గాడుల్లోనే తిప్పించేవాడు. ‘దేవుడు తన పోలికలో చేశాడు. తిరిగి తీసుకున్నాడు.’ ఆ రెండు వరుసలూ కళ్ళు మూసుకుని చెక్కగలను.

నువ్వు రాగలవా? అమ్మ మాత్రం రానంటోంది. గురువారం అనగానే చేస్తున్న పని వదిలేసి వెళ్ళి పడుకుంది.

అమ్మ మళ్ళీ నాలుగు సబ్బులు కట్టింది, పంపుతున్నాను. రోజంతా సబ్బు నీళ్ళలో ఉండే మనిషికి సబ్బులు పంపే తల్లిని ఇంకెక్కడా చూడలేదని మీ మరదలు అంది. మీ హోములోని ఆ మడతల మేస్త్రి ఎలా ఉన్నాడు? దుప్పటి మూలలు కలవలేదని మేట్రన్‌గారిని గుమ్మంలో నిలబెట్టేశాడని రాశావు, అది చదివి రెండు రోజులు నవ్వుకున్నాం.

తమ్ముడు


హోము, బట్టల గది,
శనివారం

తమ్ముడూ,

ఇక్కడ వాన లేదు కానీ తేమ. ఉతికిన దుప్పట్లు రెండు రోజులైనా ఆరడం లేదు. కారిడార్లో తాళ్ళు కట్టాం, వంగి నడవాల్సి వస్తోంది.

ఒక మాట చెప్తాను, విను. చిన్నోడిది తవ్వకు. రాయి ఒక్కటే మార్చు. పైనుంచి ఒక గుప్పెడు మన్ను తీసుకెళ్ళి కొత్త చోట వేస్తే చాలు. జ్వరంతో పోయిన పిల్లాడు, ఆ మన్ను కదిలించడం మంచిది కాదు. అమ్మకి కూడా కష్టంగా ఉంటుంది. ఇన్నేళ్ళ తర్వాత అక్కడ ఏమీ ఉండదు కూడా. పాస్టరుగారికి నేను చెప్పానని చెప్పు. రాయి ఒక్కటే.

ఇక్కడ ఇంకో సంగతి. నెలాఖరుకి హోము మూసేస్తున్నారు. నడిపేవాళ్ళకి ఇక చేతకాదట. ఇంట్లో చూసుకోలేక వదిలినవాళ్ళు మొత్తం ఇరవై ఆరు మంది ఉన్నారు. ఇంటివాళ్ళు వస్తే వాళ్ళతో వెళ్తారు, లేకపోతే దూరాన ఏదో పెద్ద వసతికి పంపుతారు. అక్కడ గదికి నలభై మందిట. మేస్త్రికి ఎవరూ చెప్పలేదు. అయినా మూడు రోజుల నుంచి మడతపెట్టిన దుప్పట్లనే విప్పి మళ్ళీ మడతపెడుతున్నాడు.

ఈ ఉత్తరం గురువారం లోపల నీకు అందాలి.

అక్క


రాళ్ళ షెడ్డు,
బుధవారం

అక్కా,

నిన్న గట్టు ఇంకో బారెడు కూలింది. అందుకని ఆగకుండా ఈ రోజే తవ్వాం. నీ ఉత్తరం ఇందాక వచ్చింది.

పెట్టెలో చిన్నోడు లేడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పెట్టె పైచెక్క చివికి లోపలికి కూలి ఉంది. కింద ఉన్ని పీచు కొంచెం. తవ్వే అతను చెయ్యి పెట్టి, “మేస్త్రీ, ఇది రాయి” అన్నాడు. మన్నులో ఎక్కడైనా రాళ్ళుంటాయి కదా అన్నాను. “పెట్టెలో ఉంది” అన్నాడు. నేనే దిగి తీశాను.

అది మన షెడ్డు రాయి. బూడిద రంగు, సన్న గింజ. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, బెత్తెడు మందం. నాలుగు అంచులూ గుండ్రంగా చెక్కి ఉన్నాయి. ఉలి జాడలు చూశాను. ఒకే పక్కకి వాలుగా, దగ్గర దగ్గరగా. అలా కొట్టే చెయ్యి ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉండేది. నాకు నేర్పింది కూడా ఆ చెయ్యే.

ఎముక ఒక్కటి లేదు. మన్నంతా జల్లెడ పట్టాం. పాలపన్ను కూడా లేదు.

పాస్టరుగారు ప్రార్థన పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఏం చదవాలో తెలియక మళ్ళీ మూశాడు. “ఇది ఎవరికీ చెప్పొద్దు” అని తవ్వేవాళ్ళతో అన్నాడు. వాళ్ళు అప్పటికే గోడ అవతల ఉన్నవాళ్ళకి చెప్పేశారు.

ముప్పై నాలుగేళ్ళ నాటి జ్వరం ఇప్పుడు అంటుకుంటుందా అక్కా? నువ్వెందుకు తవ్వొద్దన్నావు?

తమ్ముడు


హోము, బట్టల గది,
ఆదివారం

తమ్ముడూ,

రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తిన్నగా చెప్తాను.

చిన్నోడు చనిపోలేదు. మా మడతల మేస్త్రి వాడే.

ఈ మాట రాసి లేచి వెళ్ళి రెండు బకెట్ల బట్టలు పిండి వచ్చాను. చదివి నువ్వు కూడా ఏదో ఒక పని చేసి రా. తర్వాత మిగతాది చదువు.

జ్వరం అంటుకుంటుందని నిన్ను పిన్ని ఇంటికి పంపారు. జ్వరమేమీ లేదు. పిన్ని దగ్గర మంచం ఒకటే ఉందని నన్ను పంపలేదు. అప్పుడు నాకు పదమూడు. తెల్లవారుతుండగా నాన్న వాణ్ణి ఎత్తుకుని షెడ్డులోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఎడమ చేత్తో వాణ్ణి పట్టుకుని, కుడి చేత్తో ఒక్కో రాయీ ఎత్తి దించుతున్నాడు. బరువు చూస్తున్నాడని నాకు తెలియలేదు. వాడు ఆటనుకుని నాన్న మెడ పట్టుకుని నవ్వాడు. నాలుగో రాయి దగ్గర నాన్న ఆగాడు. వాణ్ణి నా చేతికిచ్చి, కూర్చుని ఆ రాయి అంచులు చెక్కాడు. “ఎందుకు నాన్నా?” అని అడిగాను. “దుప్పటి చిరుగుతుంది” అన్నాడు.

అంటురోగం అన్నాం కాబట్టి పెట్టె తెరవమని ఎవరూ అడగలేదు. ఈ హోము పునాది రాయి చెక్కింది నాన్నే. ఆ పరిచయం మీద వీళ్ళు కూడా ఏమీ అడక్కుండా వాణ్ణి తీసుకున్నారు.

పదహారేళ్ళకి నాకు ఇక్కడ పని దొరికిందని వచ్చేశాను కదా. దొరకలేదు, అడుక్కున్నాను. అమ్మ నన్ను ఆపలేదు. నాలుగు సబ్బులు చేతిలో పెట్టింది. ఆ సబ్బులు ఎప్పుడూ నావి కావు. చొంగ కారి వాడి గడ్డం కింద ఒరుసుకుపోతుంది, ఇక్కడి సబ్బు పెడితే మండుతుంది.

వాడికిప్పుడు ముప్పై ఎనిమిది. మూతి అప్పటిలాగే వంకరగా ఉంది. ఎడమ చెయ్యి కాస్త వాడతాడు. ఎడమ కాలు ఈడుస్తాడు, జానెడు కంటే ఎత్తు మెట్టు ఎక్కలేడు. మాట మెల్లగా వస్తుంది, ఆగి వినాలి. నాన్న బతికున్నన్నాళ్ళూ నాన్నకి భయపడి నీకు చెప్పలేదు. తర్వాత నీకే భయపడ్డాను.

ఇప్పుడు చెప్పాల్సింది ఒకటే. నెలాఖరు లోపల వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళాలంటే, వాడు ఫలానా ఇంటివాడని మన పాస్టరుగారి ఉత్తరం కావాలని మేట్రన్‌గారు అంటున్నారు. మన చర్చి పుస్తకంలో వాడు పోయినట్టు రాసి ఉంది. దాన్ని కొట్టేస్తే తప్ప ఆయన ఉత్తరం ఇవ్వలేడు. ఇంకా పదిహేడు రోజులున్నాయి.

అక్క


ఇంటి నుంచి,
గురువారం

అక్కా,

నువ్వు రాసిన పాత ఉత్తరాలన్నీ డబ్బాలోంచి తీసి మళ్ళీ చదివాను. వాడు లేని ఉత్తరం ఒక్కటి కూడా లేదు. మేస్త్రికి పళ్ళ నొప్పి, మేస్త్రి కిటికీ దగ్గరి మంచం కోసం పోట్లాడాడు, మేస్త్రి పాటలో అందరి కంటే ఆలస్యంగా ఆమెన్ అన్నాడు. నేను అవన్నీ భోజనాల దగ్గర పైకి చదివేవాణ్ణి. అమ్మ తల వంచుకుని వినేది. మళ్ళీ చదవమని అడిగేది. చెవి సరిగా వినపడటం లేదేమో అనుకునేవాణ్ణి.

అమ్మని అడిగాను. “ఎంతమందికి తెలుసు?”

“నలుగురికి. మీ నాన్నకి, నాకు, అక్కకి, దేవుడికి.”

“నేనెందుకు లేను అందులో?”

లేచి పళ్ళేలు తీయడం మొదలుపెట్టింది. “ఇన్నేళ్ళూ ఆ రాయి ముందు నిలబడి ఎలా ఏడ్చావు?” అంటే, “పాతిపెట్టింది రాయినే. నేను ఏడ్చింది నిజంగానే” అంది. ఎందుకు చేశారని అడిగితే, “మీ నాన్ననే అడుగు” అంది.

“సరే, ఎలాగూ పైకి తీయాలిగా, అప్పుడు అడుగుతాలే” అన్నాను. మీ మరదలు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది.

నాన్నది తవ్వలేదు. రాయి పీకి అక్కడే పడేశాను. సంఘం వాళ్ళు వచ్చి అడిగితే, ఆయన వాగులో కొట్టుకుపోయినా నాకేం పని లేదన్నాను. అమ్మని శనివారం పిన్ని ఇంటికి పంపేస్తున్నాను. వెళ్ళి అక్కడే ఉండమన్నాను. మంచం ఒకటే ఉంటే ఉండనీ.

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. మంచివాడే కానీ వయసు తక్కువ, ధైర్యం కూడా తక్కువే. “చనిపోయాడని రాసినదాన్ని కొట్టేస్తే, ఆ రోజు ఈ చర్చి రాయికి ప్రార్థన చేసిందని ఒప్పుకున్నట్టే కదండీ” అన్నాడు. చేసింది కదా అన్నాను. మిల్లు పెద్దాయన పక్కనే ఉన్నాడు. “ఆదివారపు బడి గదికి మీ నాన్న పేరే పెట్టుకున్నాం. పోయిన మనిషి పరువు తీస్తావా?” అన్నాడు. బతికున్న మనిషి సంగతి ఏమిటంటే, ఇన్నేళ్ళు ఉన్నాడు కదా, ఎక్కడైనా ఉంటాడులే అన్నాడు.

ఆదివారం అందరి ముందూ లేచి నాన్న చేసిన పని చెప్తాను. ఒక్క మాట నువ్వు చెప్పు. సొంత కొడుకుని ఆ మనిషి ఎందుకు పాతిపెట్టాడు? బీదరికం లేదు, రోగం లేదు. నాకు కారణం కావాలి. అది తెలియకుండా వాడి మొహం చూడలేను.

తమ్ముడు


హోము, బట్టల గది,
శుక్రవారం, పొద్దున్న

తమ్ముడూ,

నిన్న నువ్వు లారీ అతనితో పంపిన ఉత్తరం తెల్లారకుండానే అందింది, తిరిగి మీ వైపు వస్తున్న అతని చేతికే ఇది ఇస్తున్నాను, నీకు ఈ రోజే చేరాలి. అమ్మని ఎక్కడికీ పంపకు. నీకు చెప్పనని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడు తీసేస్తున్నాను.

ఆదివారపు బడిలో పిల్లలకి నాన్నే పాఠం చెప్పేవాడు. ముప్పై నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం పాఠం, దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని. “ఒకళ్ళనొకళ్ళు చూసుకోండి, దేవుడు ఎలా ఉంటాడో తెలుస్తుంది” అన్నాడు. చిన్నోడు నా ఒళ్ళో ఉన్నాడు. అందరూ పక్కవాళ్ళ మొహాలు చూసి నవ్వుకుంటున్నారు. నువ్వు వాణ్ణి చూశావు. చాలాసేపు చూశావు. లేచి నిలబడి, “అయితే నాన్నా, దేవుడికి కూడా మా చిన్నోడిలాగే మూతి వంకరా?” అన్నావు.

నువ్వు వేళాకోళానికి అనలేదు. నీ మొహం నాకు గుర్తుంది, ఎవరింట్లోనూ లేనిదేదో మనింట్లో ఉందని కనిపెట్టినట్టు సంతోషంగా ఉన్నావు. గది అంతా నవ్వింది. గుమ్మంలో మిల్లు పెద్దాయన నిలబడి ఉన్నాడు, అప్పటికి ఇంకా కుర్రాడే. “చొంగ కూడా కారుతుందేమో అడగరా” అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదైంది. చిన్నోడు కూడా అందరితో పాటు నవ్వాడు. నాన్న పుస్తకం మూశాడు. ఆ తర్వాత పందొమ్మిదో రోజున షెడ్డులో రాళ్ళు ఎత్తి చూశాడు.

నువ్వు అడిగింది తప్పు కాదు. ఏడేళ్ళ పిల్లాడు అడగాల్సిన మాటే అడిగావు. జవాబు చెప్పాల్సిన మనిషి చెప్పలేకపోయాడు. కానీ ఇది తెలిస్తే నువ్వు బతకవని అమ్మ భయం. ఆ నలుగురిలో నిన్ను కలపనిది అందుకు.

అక్క


రాళ్ళ షెడ్డు,
బుధవారం

అక్కా,

లారీ అతను శుక్రవారం సాయంత్రం ఇచ్చాడు. చదివాక ఏం చేశానో నాకు సరిగా గుర్తు లేదు. మీ మరదలు చెప్పింది, షెడ్డులో నేల మీద కూర్చున్నానట, దీపం పెట్టమంటే అక్కర్లేదన్నానట. ఆ మాట అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు అక్కా. ఎంత వెతికినా లేదు. నేను అన్న మాట నాకే లేదు, దానితో వాడు ముప్పై నాలుగేళ్ళు అక్కడున్నాడు.

అమ్మ మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. మూట తీసి లోపల పెట్టాను.

ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డాను. నాన్న గురించి చెప్పాలని వారమంతా మాటలు కూర్చుకున్నాను, అవి రాలేదు. “ముప్పై నాలుగేళ్ళ కింద పక్క గదిలో నేనొక మాట అడిగానట. అప్పుడు జవాబు రాలేదు. మళ్ళీ అడుగుతున్నాను” అని, ఆ మాటే అడిగాను. నువ్వు రాసినట్టే, మూతి సంగతితో సహా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మిల్లు పెద్దాయన లేచి, “పోలిక అంటే ఆత్మలోనయ్యా, మూతిలో కాదు. ఇంత వయసొచ్చి ఆ మాత్రం తెలీదా?” అన్నాడు.

వెనక వరుస నుంచి అమ్మ, “అయితే మూతినెందుకు దాచాం?” అంది.

కూర్చునే అంది, గొంతు కూడా పెంచలేదు. ఆయన కూర్చున్నాడు. పాస్టరుగారు ప్రసంగం చెప్పలేదు. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి, అందరి ముందూ బల్ల మీద పెట్టి ఆ వరుస కొట్టేశాడు. గీత వంకరగా వచ్చింది. దిద్దబోయి ఆగాడు. ఉత్తరం రాసిచ్చాడు, ఇందులో పెట్టాను. రెండు కుటుంబాలు మధ్యలోనే లేచి వెళ్ళిపోయాయి. మిల్లు పెద్దాయన వెళ్ళలేదు, చివరిదాకా కూర్చున్నాడు.

సోమవారం నాన్నని మార్చాం. మెరక మీద ఇప్పుడు మొత్తం నలభై.

చిన్నోడి రాయి షెడ్డులోకి తెచ్చుకున్నాను. రెండు తేదీల్లో రెండోది చెక్కి తీసేశాను. రెండో వరుస కూడా. మొదటి వరుస ఉంచాను. అది ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు, వాడొచ్చాక చూద్దాం.

పెట్టెలో రాయిని మన గుమ్మం ముందు మెట్టుగా వేశాను. మన గడప ఎత్తు కదా. ఇప్పుడు ఏ మెట్టూ జానెడు దాటదు. అంచులు కాలికి గుచ్చుకోవు.

నా మీద కోపమా అని వాణ్ణి అడగకు. రావడం ఇష్టమేనా అని అడుగు.

తమ్ముడు


హోము,
మంగళవారం

తమ్ముడూ,

లారీ అతను ఈ రాత్రే మీ వైపు వస్తున్నాడు, ఇది మా కంటే ముందు నీకు చేరుతుంది. ఎండ బాగా కాసింది. చివరి ఉతుకు అయిపోయింది, అన్నీ ఆరాయి. దుప్పట్లు నూట పన్నెండు, మొత్తం మేస్త్రే మడతపెట్టాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

అడిగాను. ఇంటికి పోదామా అంటే, ఏ ఇల్లు అన్నాడు. మనది, అమ్మ ఉంది, అన్న ఉన్నాడు అన్నాను. చేతిలో దుప్పటి మడత పూర్తిచేసి, “సబ్బులావిడా?” అన్నాడు. అవునన్నాను. ఇంకో దుప్పటి అందుకుని, “అక్కడ దుప్పట్లు ఎన్ని?” అన్నాడు. ఆరు అని చెప్పాను. చాలవన్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళవి కూడా అడిగి పెట్టు.

వాడి మంచం పక్కన ఉండే ముసలాయన, రోజూ తన దుప్పటి వీడి చేతే మడతపెట్టించుకునేవాడు. ఆయన కోసం ఎవరూ రాలేదు. వెళ్ళేటప్పుడు దుప్పటి చంకలో పెట్టుకుని బండెక్కాడు, విప్పనని చెప్పాడు.

ఇరవై ఆరు మందిలో తొమ్మిది మందికి ఇంటివాళ్ళున్నారు. మిగతా పదిహేడు మందినీ సోమవారం మధ్యాహ్నం పెద్ద బండిలో తీసుకెళ్ళారు. మేట్రన్‌గారు ఈ రోజు సాయంత్రం వెళ్ళిపోయారు. చిన్నోడు, నేను రేపు బుధవారం, ఉదయం ఏడు గంటల బండికి.

అక్క